ఈత కల్లు, ఎండ, సున్నం

బీరు చరిత్ర చదివితే పులియబెట్టడమంటే చల్లదనాన్ని కాపాడుకోవడమే అనిపిస్తుంది. బవేరియాలో 1553లో ఏప్రిల్ 23 నుంచి సెప్టెంబరు 29 దాకా బీరు కాచడాన్నే నిషేధించారు, ఎండాకాలపు బీరు చెడిపోయేది మరి. 1870లలో కార్ల్ ఫాన్ లిండే శీతల యంత్రం వచ్చాక అక్కడ చల్లదనంలో పులిసే లాగర్ బీరును ఏడాదంతా కాచడం సులువైంది. కానీ వేసవిలో 40 డిగ్రీలు దాటే అనంతపురం పీఠభూమిలో, బత్తలపల్లె వంటి ఊళ్ల చుట్టుపక్కల, ఈత కల్లు గీసే ఈడిగలకు చల్లని నేలమాళిగ లేదు, మంచుగడ్డ లేదు. అంతమాత్రాన వాళ్లకు అదుపు తెలియదనడం అన్యాయం. వేడిని మార్చలేక వాళ్లు గడియనూ కుండనూ పట్టుకున్నారు.

రాత్రంతా చెట్టుకు వేలాడే కుండలో రసం చుక్కచుక్కగా దిగుతుంటే, పాత కల్లు అంటిన గోడల్లోని ఈస్టు అప్పుడే పని మొదలెడుతుంది. తెల్లారి దించితే తియ్యన, ఎండెక్కేకొద్దీ ఘాటు, సాయంత్రానికి పులుపు. కుండ లోపల సున్నం పూస్తే రసం క్షారమై ఈస్టు ఆగుతుంది, అదే నీరా.

సున్నం పులియడాన్ని ఆపుతుందేగానీ నడిపించదు కదా అనొచ్చు. నిజమే. అయితే నడిపించేది సున్నం కాదు, వేళ. ఎండ ముదరకముందే దించడం, కుండను శుభ్రం చేయడం, పొద్దున్నే అమ్మేయడం, ఇవన్నీ వేడిని లెక్కగట్టి చేసినవే. లాగర్ వారాల తరబడి నిలవాలి, కల్లు ఆ పూటే తాగాలి. రెంటినీ ఒకే కొలతతో తూచలేం. 1948లో మద్రాసు రాష్ట్రమంతటా మద్యనిషేధం అమలయ్యాక, అందులో భాగమైన అనంతపురంలోనూ ఆ లెక్క తెలిసిన చేతులకు చట్టబద్ధమైన పని కరువైంది.