2009 కప్పు ఎవరి ఖాతాలో వేద్దాం?

ఐపీఎల్ వచ్చిన ప్రతి ఏడూ ఆఫీసుల్లో ఒక వాదన తప్పదు. హైదరాబాదుకి కప్పులెన్ని? నారింజ రంగు జెర్సీ వేసుకున్న కుర్రాళ్ళు ఒకటే అంటారు, 2016. కాస్త జుట్టు నెరిసినవాళ్ళు రెండు అంటారు. లెక్కల పుస్తకం కుర్రాళ్ళ వైపే ఉంది. డెక్కన్ ఛార్జర్స్ వేరు, సన్‌రైజర్స్ వేరు. 2009 కప్పు 2012లో రద్దైపోయిన టీము పేరు మీదే ఉండిపోయింది. మన భాషలో చెప్పాలంటే, పేరెంట్ రికార్డు డిలీట్ చేశాక టేబుల్లో మిగిలిపోయిన ఆర్ఫన్ రో అన్నమాట.

నేను "రెండు" అనే బ్యాచ్. ఎందుకో చెప్పాలంటే కాస్త చరిత్ర తవ్వాలి. తవ్వటం మా ఊరివాళ్ళకి కొత్త కాదులెండి, మాది మణుగూరు :)

2008 జనవరిలో డెక్కన్ క్రానికల్ వాళ్ళు 10.7 కోట్ల డాలర్లకి హైదరాబాదు టీముని కొన్నారు. ఎనిమిది టీముల్లో ఊరి పేరుగానీ రాష్ట్రం పేరుగానీ లేనిది మనదొక్కటే. ముంబై, చెన్నై, కోల్‌కతా, బెంగళూరు, ఢిల్లీ, పంజాబ్, రాజస్థాన్... మనకి మాత్రం "డెక్కన్". పీఠభూమి పేరనుకోవచ్చు, పేపరు పేరనుకోవచ్చు. టీముని ఊరికి కట్టెయ్యకుండా ఓనరుకి కట్టేశారన్నమాట, మొదటి రోజు నుంచే. ఆ తాడు ఎక్కడ తెగిందో తర్వాత చూద్దాం.

వేలం ముందు లక్ష్మణ్ చేసిన పని చాలామంది మర్చిపోయారు. సచిన్, గంగూలీ, ద్రావిడ్‌ల లాగా తనకీ ఐకాన్ హోదా ఇస్తామంటే వద్దన్నాడు. ఐకాన్ ఆటగాడికి టీములో అందరికన్నా ఎక్కువ ధర పలికినవాడి మీద ఇంకో 15 శాతం కలిపి ఇవ్వాలి. ఆ డబ్బు మిగిలితే మంచి ఆటగాళ్ళు వస్తారని ఆయన లెక్క. వచ్చారు కూడా. సైమండ్స్‌ని 13.5 లక్షల డాలర్లకి కొన్నారు, ఆ వేలంలో ధోనీ తర్వాత అతనే ఖరీదు. గిల్‌క్రిస్ట్, గిబ్స్, అఫ్రీదీ, ఆర్పీ సింగ్, రోహిత్ శర్మ, చమిందా వాస్... కాగితం మీద చూస్తే కప్పు కొరియర్లో పంపించెయ్యొచ్చనిపించింది.

ఆడింది 14, గెలిచింది 2. ఆఖరి స్థానం. ఉప్పల్లో ఆడిన ఏడు మ్యాచులూ ఓడిపోయారు. ఏడుకి ఏడు! గెలిచిన రెండూ బయటి ఊళ్ళలోనే. ఒకటి నవీ ముంబైలో గిల్‌క్రిస్ట్ 42 బంతుల్లో సెంచరీ కొట్టినది, రెండోది చెన్నైలో. ఉప్పల్లో రాజస్థాన్ మీద సైమండ్స్ 117 నాటౌట్ కొట్టి 214 చేసిపెడితే, ఆఖరి ఓవర్లో 17 కావాల్సినప్పుడు బంతి కూడా అతనికే ఇచ్చారు. అవతల షేన్ వార్న్. రెండు సిక్సులు. అయిపోయింది. నన్నడిగితే ఆ సీజన్ మొత్తం ఆ ఒక్క ఓవర్లో ఉంది. ఒక్కడే కట్టాలి, ఒక్కడే కూల్చాలి, మిగతావాళ్ళు చూస్తుండాలి.

మా ఊరి నుంచి హైదరాబాదు దాదాపు 300 కిలోమీటర్లు. రాత్రి మణుగూరు ఎక్స్‌ప్రెస్ ఎక్కి, పొద్దున్నే సికింద్రాబాదులో దిగి, ఉప్పల్లో ఓటమి చూసి, మళ్ళీ రాత్రి రైలెక్కి వచ్చినవాళ్ళు మా సింగరేణి కాలనీలో ఉన్నారు. వాళ్ళని పట్టుకుని ఒక పెద్దాయన అన్నమాట ఇప్పటికీ నవ్వొస్తుంది: "మనోళ్ళు గెలవాలంటే మీరు పోవుడు బంద్ చెయ్యాలెరా."

ఆయన నోటి మహిమేమో, మరుసటేడు ఎవ్వరం పోలేకపోయాం. 2009లో సార్వత్రిక ఎన్నికలూ ఐపీఎల్ ఒకేసారి వచ్చిపడ్డాయి. రెండింటికీ బందోబస్తు కుదరదన్న రభసలో టోర్నమెంటు మొత్తాన్నీ మార్చి నెలాఖర్లో మూటగట్టి దక్షిణాఫ్రికాకి తీసుకుపోయారు. ఎనిమిది టీములకీ హోమ్ గ్రౌండ్ లేదు. మనకి మాత్రం అది వరమైంది. ఏడుకి ఏడు ఓడినవాడికి హోమ్ గ్రౌండ్ లేకపోతే నష్టమేముంది?

కెప్టెన్సీ గిల్‌క్రిస్ట్‌కి వెళ్ళింది, కోచ్‌గా డారెన్ లేమన్ వచ్చాడు. కేప్‌టౌన్లో కోల్‌కతాని 101కి ఆపి మొదలుపెట్టారు. వరసగా నాలుగు గెలుపులు. తర్వాత వరసగా ఓటములు. మొత్తానికి ఏడు గెలిచి ఏడు ఓడి నాలుగో స్థానంతో సెమీస్‌కి చేరారు. "అదృష్టం" అనేవాళ్ళున్నారు. ఒప్పుకోను. మే 16న జొహనెస్‌బర్గ్‌లో కోల్‌కతా మీద ఆఖరి ఓవర్లో 21 కావాలి. మష్రఫే మొర్తజా బౌలింగు. రోహిత్ ఆఖరి బంతికి సిక్స్ కొట్టి ముగించాడు. అదే రోహిత్ పది రోజుల ముందు ముంబై మీద హ్యాట్రిక్ తీశాడు, బౌలింగులో! తర్వాత అదే ముంబైకి కెప్టెనై ఐదు కప్పులు తెచ్చాడనుకోండి, అది వేరే కథ.

సెమీఫైనల్ సెంచూరియన్‌లో, ఢిల్లీ మీద. లీగులో మొదటి స్థానం వాళ్ళదే. 154 కొట్టాలి. గిల్‌క్రిస్ట్ 17 బంతుల్లో 50, మొత్తం 35 బంతుల్లో 85. అప్పటికి అంతర్జాతీయ క్రికెట్ మానేసి ఏడాది దాటింది అతను. టీవీలో అది చూసినవాడికి ఇంకో వర్ణన అక్కర్లేదు, చూడనివాడికి ఎంత చెప్పినా చాలదు. వదిలేద్దాం.

ఫైనల్ మే 24, ఆదివారం, వాండరర్స్ మైదానం. అవతల కుంబ్లే నాయకత్వంలో బెంగళూరు. మొదటి ఓవరు కుంబ్లేనే వేశాడు. మూడో బంతికి గిల్‌క్రిస్ట్ డకౌట్! మా కాలనీలో సగం మంది లేచి అన్నానికెళ్ళిపోయారు. గిబ్స్ మాత్రం కదల్లేదు, 48 బంతుల్లో 53 నాటౌట్. టీ20లో దాన్ని జిడ్డు అంటారు. ఆ జిడ్డే కప్పు తెచ్చిందని నా అభిప్రాయం. కుంబ్లే 16 పరుగులకి 4 వికెట్లు తీసిన పిచ్ అది, 143 అంటే తక్కువేం కాదు. తర్వాత ఓఝా 3 వికెట్లు, సైమండ్స్ టేలర్నీ కోహ్లీనీ వెనక్కి పంపటం. ఆఖరి ఓవర్లో 15 కావాలి, ఆర్పీ సింగ్ ఇచ్చింది 8. ఆరు పరుగులతో గెలిచాం. రెండో షిఫ్టు దిగి పరిగెత్తుకొచ్చినవాళ్ళకి దొరికింది ఆ చివరి ఓవర్లే, కానీ వాళ్ళే ఎక్కువ అరిచారు.

నిరుడు అట్టడుగున ఉన్న టీము, ఈ ఏడు ఛాంపియన్. ఇంత మంచి కథ ఏ ఊరికైనా దొరికితే పదేళ్ళు చెప్పుకుంటారు. మనకి చెప్పుకునే టైమివ్వలేదు.

అక్టోబరులో ఛాంపియన్స్ లీగ్ వచ్చింది. కప్పు గెలిచిన టీము తొలిసారి ఉప్పల్లో దిగింది. సోమర్సెట్ చేతిలో ఒక్క వికెట్ తేడాతో ఓటమి, తర్వాత ట్రినిడాడ్ చేతిలో ఓటమి, ఇంటికి. అంటే సొంతింట్లో ఉండే ఇంటికి అన్నమాట!

ఆ తర్వాత ఏం జరిగిందో అందరికీ తెలుసు. 2009 నవంబరు 29న కేసీఆర్‌ని అరెస్టు చేసి తీసుకొచ్చింది మా ఖమ్మానికే. డిసెంబరు 9 ప్రకటన, 23న ఇంకో ప్రకటన, ఇహ వరస బందులు. 2010 ఐపీఎల్లో ఛార్జర్స్ హోమ్ మ్యాచులు హైదరాబాదు నుంచి తీసేసి నాగపూర్, కటక్, నవీ ముంబైలకి పంచారు. డిఫెండింగ్ ఛాంపియన్‌కి సొంతూర్లో ఒక్క మ్యాచ్ లేదు. మా కాలనీలో ఒకే మనిషి పొద్దున ధర్నాలో కూర్చుని, సాయంత్రం "మన మ్యాచ్ కటక్‌లో పెట్టుడేంది" అని తిట్టుకునేవాడు. అందులో వైరుధ్యం ఏమీ లేదు. రెండూ ఒకే ప్రశ్న, మాది మా దగ్గర ఎందుకుండదు అని. ఆ ఏడు కూడా టీము సెమీస్ దాకా వెళ్ళింది. అంటే ఊళ్ళో ఆడని రెండేళ్ళూ సెమీస్‌కి చేరారు, ఊళ్ళో ఆడిన 2008లో అట్టడుగు. ఐపీఎల్లో ఉప్పల్ మీద మొదటి గెలుపు దొరికింది 2011 ఏప్రిల్లో, బెంగళూరు మీద. టీము పుట్టిన మూడేళ్ళకి. అప్పటికి గిల్‌క్రిస్ట్ లేడు, రోహిత్ లేడు, లక్ష్మణ్ లేడు, కప్పు తెచ్చినవాళ్ళలో చాలామంది లేరు.

ఆఖరి ఘట్టం ఆటది కాదు, అప్పులది. ఆటగాళ్ళకి డబ్బులు అందలేదు, బ్యాంకులు వెంటపడ్డాయి. 2012 సెప్టెంబరులో టీముని వేలానికి పెడితే పీవీపీ సంస్థ ఒక్కటే 900 కోట్లతో వచ్చింది, ఓనర్లు చాలదన్నారు. మర్నాడు, సెప్టెంబరు 14న, బీసీసీఐ టీముని రద్దు చేసింది. అక్టోబరులో సన్ టీవీ ఏడాదికి 85.05 కోట్ల చొప్పున హైదరాబాదు టీముని దక్కించుకుంది. కొత్త పేరు, కొత్త రంగు. ఓనరుకీ బోర్డుకీ మధ్య తగాదా ఏళ్ళ తరబడి నడిచింది. 2020లో ఆర్బిట్రేటర్ బోర్డుని దాదాపు 4,800 కోట్లు కట్టమన్నాడు, 2021లో బొంబాయి హైకోర్టు ఆ తీర్పుని కొట్టేసింది. ఈ కాగితాలన్నింట్లో ఓనరున్నాడు, బోర్డుంది, బ్యాంకుంది. రైలెక్కి వెళ్ళి ఉప్పల్లో ఓటములు చూసొచ్చినవాడు ఎక్కడా లేడు.

ఇక్కడ అమెరికా సంగతి ఒకటి చెప్పాలి, అక్కడున్న మనవాళ్ళకి బాగా తెలిసిందే. అక్కడి ఫుట్‌బాల్లో కూడా ఒక ఛార్జర్స్ ఉంది. 1961 నుంచి 2016 సీజన్ దాకా శాన్‌డీగోలో ఆడింది. ఆ స్టేడియానికి చాలా ఏళ్ళు క్వాల్‌కామ్ పేరే ఉండేది, మన తెలుగు ఇంజినీర్లు బోలెడుమంది పనిచేసే కంపెనీ. కొత్త స్టేడియానికి ప్రజల డబ్బు ఇవ్వాలా వద్దా అని 2016 నవంబరులో ఓటు పెడితే జనం వద్దన్నారు. 2017 జనవరిలో ఓనరు టీముని లాస్ ఏంజెల్స్‌కి ఎత్తుకుపోయాడు. అభిమానులు జెర్సీలు తెచ్చి టీము ఆఫీసు ముందు పారేశారు. పేరు, రికార్డులు అన్నీ టీముతోపాటే వెళ్ళిపోయాయి.

క్లీవ్‌లాండ్ వాళ్ళు ఇంకోలా చేశారు. 1995లో బ్రౌన్స్ ఓనరు టీముని బాల్టిమోర్‌కి తీసుకుపోతానన్నాడు. ఊరు కోర్టుకెక్కింది, అభిమానులు గోల పెట్టారు. 1996లో ఒప్పందం కుదిరింది: ఓనరు ఆటగాళ్ళని తీసుకుపోవచ్చు, బ్రౌన్స్ అనే పేరు, రంగులు, పాత రికార్డులు మాత్రం క్లీవ్‌లాండ్ దగ్గరే ఉంటాయి. ఆ టీము బాల్టిమోర్ రేవెన్స్ అయింది. 1999లో క్లీవ్‌లాండ్‌కి కొత్త టీము వచ్చింది, పాత పేరుతో, పాత చరిత్రతో. మధ్యలో మూడేళ్ళు టీము లేదు, చరిత్ర మాత్రం ఊళ్ళోనే ఉంది.

అంటే రికార్డు ఊరి పేరు మీద రాయాలా ఓనరు పేరు మీద రాయాలా అనేది ప్రకృతి నియమమేం కాదు. కూర్చుని రాసుకునే ఒప్పందం. మన దగ్గర ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరూ రాయలేదు.

దీనికి మా టీమ్ లీడ్ ఒకాయన చెప్పే అభ్యంతరం ఉంది. "అసలు ఆ టీములో మనవాళ్ళెంతమంది? కెప్టెన్ ఆస్ట్రేలియా, కోచ్ ఆస్ట్రేలియా, ఫైనల్ ఆఫ్రికా. హైదరాబాదు ఎక్కడుంది అందులో?" వాదన బాగానే ఉంది. ఫైనల్ ఆడిన పదకొండు మందిలో తెలుగువాళ్ళు సుమన్, విశాఖ నుంచి వచ్చిన వేణుగోపాల్ రావు. ఓఝా పుట్టింది భువనేశ్వర్ అయినా హైదరాబాదుకి ఆడినవాడు. అంతే.

కానీ మణుగూరువాడి ముందు ఈ వాదన నిలబడదు. మా ఊరే అలాంటిది. బొగ్గు కోసం కొత్తగూడెం నుంచి, ఇల్లెందు నుంచి, ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు కాలనీల్లో ఉంటారు. పక్కన అశ్వాపురంలో భారజల కర్మాగారం పెడితే దేశం నలుమూలల నుంచీ ఇంజినీర్లొచ్చారు. అసలు స్థానికులు ఎవరయ్యా అంటే చుట్టూ ఉన్న కోయవాళ్ళు, వాళ్ళ మాట ఎవరూ అడగరు, అది ఇంకో పెద్ద కథ. వచ్చినవాళ్ళంతా షిఫ్టులు చేసి, పిల్లల్ని చదివించి, ఇక్కడే రిటైరై, "మా మణుగూరు" అంటున్నారు. ఎవడు ఎక్కడ పుట్టాడని అడిగి ఊరు కట్టలేదు. గిల్‌క్రిస్ట్ కూడా ఒక డిప్యుటేషన్ మీద వచ్చి పనిచేసి వెళ్ళినవాడే అనుకోండి. చేసిన పని ఊరి లెక్కలోకే వస్తుంది.

ఇంకో విచిత్రం. 2022 మార్చిలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్ఎల్ కప్పు గెలిచింది. కరోనా వల్ల ఆ సీజన్ అంతా గోవాలోనే. ఫైనల్ అక్కడే, కేరళ మీద పెనాల్టీ షూటౌట్లో. 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి మారి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయిపోయింది. ఇదీ అదే బాపతు. గెలిచింది బయట, పోయింది బయటికి. ఈ కప్పు ఎవరిదని అడిగే రోజు ఇంకో పదేళ్ళకి వస్తుంది, చూడండి.

సన్‌రైజర్స్ వాళ్ళని జెర్సీ మీద రెండో చుక్క పెట్టుకోమని నేను అడగను. వాళ్ళు డబ్బు పెట్టి కొత్త టీము కొన్నారు, పాత అప్పు వద్దన్నప్పుడు పాత కప్పు కూడా వద్దనటం న్యాయమే. నేనడిగేది స్టేడియంవాళ్ళని. ఉప్పల్ గోడ ఓనరుది కాదు, బోర్డుదీ కాదు. అక్కడ ఒక చెక్క పలక, దాని మీద "2009 మే 24, జొహనెస్‌బర్గ్", కింద పదకొండు పేర్లు: గిల్‌క్రిస్ట్, గిబ్స్, సుమన్, సైమండ్స్, రోహిత్ శర్మ, వేణుగోపాల్ రావు, బిలాఖియా, ర్యాన్ హారిస్, ఆర్పీ సింగ్, ఓఝా, హర్మీత్ సింగ్. పన్నెండో పేరుకి చోటుంటే లక్ష్మణ్‌ది రాయండి. ఫైనల్ ఆడలేదు నిజమే, కానీ ఐకాన్ వద్దని ఆయన వదిలిన డబ్బు ఆ జట్టులో ఎక్కడో ఉంది.