మోటారు బండికి పగటి దివిటీ

పట్టపగలు ముందుదీపము వెలుగుచున్న మోటారు సైకిలు ఎదురైనచో మన యూళ్లలో పాటించు ఒక మర్యాద కలదు. ఎదురు వచ్చువాడు చేయి యెత్తి వ్రేళ్లు ముడిచి తెరచి సంజ్ఞ చేయును. అయ్యా, మీ లైటు ఆర్పుట మరచితిరి అని దాని యర్థము. 2017 ఏప్రిల్ 1 నుండి మన దేశమున కొత్త ద్విచక్ర వాహనములకు ఇంజను నడుచుచున్నంతసేపు దీపము తనంత తానే వెలుగవలెనను నియమము అమలు లోనికి వచ్చినది. ఆర్పు మీటయే తీసివేసిరి. సంజ్ఞలు మాత్రము ఆగలేదు. కొత్త బండ్లవారు చాల నెలలు దారి పొడవునను తల యూపుచు పోవలసి వచ్చినది. మీట లేదని నడిరోడ్డుపై ఎంతమందికి చెప్పగలరు?

ఆ సంజ్ఞలో తప్పు లేదు. దీపము చీకటి కొరకే యని మన నమ్మకము. కాని మన పెద్దలకు వేరొక దీపము కూడ తెలియును. పీఠాధిపతుల ఊరేగింపులలో పల్లకి ముందు పగటివేళ దివిటీ పట్టుట ఒక గౌరవ చిహ్నము. ఆ దివిటీ దారి చూపుటకు కాదు. వచ్చుచున్నవారిని జనము దూరమునుండియే గుర్తించుటకు. చూచుటకు దీపము వేరు, కనబడుటకు దీపము వేరు. నేటి కార్ల ముందు భాగమున పగలంతయు వెలుగు చిన్న తెల్లని దీపములు ఈ రెండవ జాతివి. వానిని పగటి దీపములందుము. వాని పుట్టుకను, వానిలోని బల్బులను తీసి బజారు బల్బులను పెట్టుకొను నేటి వేడుకను గూర్చి కొంత ముచ్చటింతుము.

పగటి దీపము ఉత్తర యూరపు బిడ్డ. ఫిన్లండులో శీతకాలమున మిట్టమధ్యాహ్నము కూడ సూర్యుడు దిగంతమును విడిచి పెద్దగా పైకి రాడు. ఆ మసక వెలుతురులో, మంచు కప్పిన నేలపై, బూడిదవన్నె కారు దగ్గరకు వచ్చువరకు కంటికి ఆనదు. అందుచేత 1972లో ఆ దేశము ఊళ్ల వెలుపలి రోడ్లపై శీతకాలమున పగలు కూడ దీపములు వేయవలెనని శాసించెను. 1982లో ఆ నియమము ఏడాది పొడవునకు, 1997లో ఊరిలోని వీధులకు వ్యాపించెను. స్వీడను 1977 అక్టోబరు 1 నుండి అన్ని కాలములందును దీపములు వెలుగవలెననెను. పదేండ్లకు పూర్వము, 1967 సెప్టెంబరు 3న, ఒక్క తెల్లవారుజామున దేశమంతటి బండ్లను రోడ్డు ఎడమప్రక్కనుండి కుడిప్రక్కకు మార్చిన ప్రజలు వారు. ఒక మీట నొక్కుట వారికి కష్టమనిపించి యుండదు. నార్వే, ఐస్‌లండు, డెన్మార్కులు పిమ్మట అదే దారి పట్టినవి. కెనడా 1989 డిసెంబరు 1 తరువాత తయారైన కార్లన్నిటికిని పగటి దీపములను విధించెను.

బల్బు మార్పు అన్నది నేటి కుర్రకారు కనిపెట్టిన వింత కాదు. దానిని మొదట చేసినవారు కార్ల తయారీదారులే. పెద్ద దీపములు పగలంతయు వెలిగించినచో ఇంధనము వృథా, బల్బులకు ఆయుస్సు తక్కువ. అప్పటికే ప్రతి కారులోను బండి నిలిపినపుడు వేయు చిన్న దీపముండెను. అది 5 వాట్లది. దాని వెలుగు సుమారు 50 ల్యూమెన్లు. పట్టపగటి యెండలో అది మిణుగురు పురుగుతో సమానము. స్వీడనులో వోల్వో వారు ఆ చోటనే 21 వాట్ల ఫిలమెంటును పెట్టిరి. 21 వాట్ల బల్బు వెలుగు సుమారు 460 ల్యూమెన్లు, అనగా తొమ్మిది రెట్లు. అయితే వారు బల్బును మాత్రమే మార్చి ఊరకుండలేదు. ఆ బల్బునకు తగిన దీపమును, వేడికి ఓర్చు గూటిని, తగిన తీగలను కూడ సమకూర్చిరి. ఈ తేడాను పాఠకులు మనసున నుంచుకొందురు గాక.

కారు దీపము మొదటినుండియు యజమాని చేతికి లోబడిన వస్తువే. తొలి రోజులలో కార్బైడుపై నీటి చుక్కలు పడవేసి, పుట్టిన వాయువును వెలిగించువారు. మన తిరునాళ్లలో మిఠాయి బండ్లపై ఆ దీపమును, దాని వాసనను ఎరిగినవారు ఇంకను ఉన్నారు. 1910 ప్రాంతమున అమెరికాలో కూలిడ్జి అను శాస్త్రజ్ఞుడు పెళుసుగా నుండు టంగ్‌స్టనును సన్నని తీగగా సాగదీయు విధము కనిపెట్టెను. రోడ్డు కుదుపులకు తెగని ఫిలమెంటు అట్లు లభించినది. 1912లో కాడిలాకు కారులో విద్యుత్తుతో ఇంజను నడుపు యంత్రమును, దానితోబాటు విద్యుద్దీపములును అమరినవి. నాటి నుండి బల్బు కాలిపోవుట, కొత్తది కొనుట, వీలైనచో మరింత ప్రకాశవంతమైనది కొనుట, ఎదుటివాడు తిట్టుట, ఈ నాలుగును కలిసి నడచుచున్నవి.

ఈ యలవాటునకు రెండు ఖండములు రెండు విధముల సమాధానమిచ్చినవి. అమెరికాలో 1940 నమూనా కార్లనుండి బల్బు, అద్దము, దర్పణము మూడింటిని ఒకే ముద్దగా మూసివేసిరి. దీపము పోయినచో మొత్తము మార్చవలసినదే. లోపల చేయి పెట్టుటకు సందు లేదు. నాలుగు దశాబ్దములు గడచిన పిదప, 1983లో గాని, అచట విడి బల్బుల ముందుదీపములకు తిరిగి అనుమతి రాలేదు. యూరపువారు బల్బును మార్చుకొనుటకు ఒప్పిరి, కాని బల్బునే కట్టుదిట్టము చేసిరి. ఏ రకపు బల్బులో ఫిలమెంటు ఎచట నుండవలెనో మిల్లీమీటరు భిన్నములలో వ్రాసి పెట్టిరి. పైన చెప్పిన 21 వాట్ల బల్బునే చూడుడు: దాని వెలుగు నడిబిందువు అడుగు కొలతగుర్తునుండి 31.8 మిల్లీమీటర్ల యెత్తున ఉండవలెను. ఏ దేశమున, ఏ కర్మాగారమున చేసినను అంతే. దర్పణము వంపును గీసిన ఇంజనీరు ఆ బిందువును నమ్మి గీసినాడు.

పగటి దీపము ఎంత వెలుగవలెనన్న ప్రశ్నకు దేశములు తప్పటడుగులు వేసియే జవాబు నేర్చుకొన్నవి. ఒక కొవ్వొత్తి ఎదుటికి చిమ్ము వెలుగు ఇంచుమించు ఒక కాండెలా. అమెరికా 1993లో పగటి దీపములను అనుమతించినపుడు, ముందుదీపపు పెద్ద వెలుగునే తగ్గించి వాడువారికి 7,000 కాండెలాల వరకు చనువిచ్చినది. కన్నులు జిగేలుమనుచున్నవని జనము మొరపెట్టుకొనగా, 1998లో ఆ హద్దును బాగుగా తగ్గించు ప్రతిపాదన వచ్చి, చివరకు చట్టము కాకయే నిలిచిపోయినది. ఐక్యరాజ్య సమితి యూరపు సంఘమువారి నియమము మాత్రము మితముగ నున్నది: ఒక్కొక్క దీపము నేరుగా ఎదుట 400 కాండెలాలకు తగ్గరాదు, 1,200కు మించరాదు. వెలుగు తెల్లనిది కావలెను. ముందుదీపములు వేయగానే ఇది ఆరిపోవలెను. 2011 ఫిబ్రవరి 7 నుండి యూరపు సమాజ దేశములలో అనుమతికి వచ్చు ప్రతి కొత్త నమూనా కారునకు ఇట్టి దీపములు తప్పనిసరి యైనవి.

అందరును దీనిని మెచ్చిరని కాదు. ఆస్ట్రియా 2005 నవంబరులో పగటివేళ దీపములు వేయుట తప్పనిసరి చేసి, 2008 జనవరి 1 నుండి ఆ నియమమును ఎత్తివేసినది. మోటారు సైకిళ్లవారి వాదము గట్టిదని మాకు తోచును. వారు ఎంతో కాలముగా పగలు దీపము వేసికొని తమ ఉనికిని చాటుకొనుచుండిరి. కార్లన్నియు వెలుగ నారంభించినచో, ఆ వెలుగుల వరుసలో చిన్న బండి దీపము మరుగున పడదా? ద్విచక్ర వాహనములే నిండియున్న మన రోడ్లపై ఈ ప్రశ్నకు బరువు మరింత ఎక్కువ.

2004లో ఆడీ కంపెనీ తన పెద్ద కారులో ఎల్.ఇ.డి. పగటి దీపములను అమర్చెను. అప్పటినుండి పగటి దీపము నగయైనది. కనుబొమవలె వంగిన వెండి గీతలు, ముత్యాల వరుసలు, ఒక్కొక్క కంపెనీకి ఒక్కొక్క ముఖము. పాత పద్ధతి బల్బుతో లేత పసుపుగా వెలుగు కారు వాని ప్రక్కన వెలవెలబోయినది. ఆ చిన్నతనమే బజారు బల్బులకు పెట్టుబడి. మేమును దానికి లొంగితిమి. ఒక పట్టణమున దుకాణములోని కుర్రవాడు రెండు ఎల్.ఇ.డి. బల్బులు చేతిలో పెట్టి, "బాబాయి గారూ, ఇవి వేశారంటే మీ బండి పెళ్లికొడుకులా ఉంటుంది" అన్నాడు. వేసినాడు. నిజముగనే పెళ్లికొడుకువలెనే ఉన్నది. మరునిమిషమున ఎదుటి పలకపై, బల్బు పోయినది చూచుకొమ్మని ఎర్రదీపము వెలిగినది.

కారణము చిన్న లెక్క. 21 వాట్ల బల్బు 12 వోల్టులపై 1.75 ఆంపియర్లు గుంజుకొనును. ఎల్.ఇ.డి. అందులో కొద్ది భాగముతోనే సరిపెట్టుకొనును. కారులోని కంప్యూటరు ఆ తక్కువ ప్రవాహమును చూచి బల్బు కాలిపోయినదని తలచును. కుర్రవాడు ఒక రెసిస్టరును జోడించి ఆ కంప్యూటరును నమ్మించినాడు. రెసిస్టరు చేయు పనియేమి? ఎల్.ఇ.డి. మిగిల్చిన విద్యుత్తును వేడిగా మార్చి పారబోయుట. మిగులన్న మాట అచటితో ముగిసినది. చేయి తాకినచో కాలునంత వేడెక్కు ఆ ముక్కను ప్లాస్టిక్కు ప్రక్కన కట్టినచో ఏమగునో చెప్పనక్కరలేదు.

వెలుగు సంగతి చూతము. ఫిలమెంటు ఒక చిన్న తీగ. అన్ని వైపులకును వెలుగు చిమ్మును. బజారు బల్బులో ఎల్.ఇ.డి.లు చదునైన ముఖములపై అతికించి యుండును; 31.8 మిల్లీమీటర్ల బిందువున ఒక్కటియు లేకపోవచ్చును. దర్పణము తనకు తెలిసిన చోట వెలుగును వెదకి, దొరికినదానిని దొరికినట్లు విసరును. మేము ఎండలో పది యడుగులు ముందునకు పోయి చూచితిమి. ప్రక్కనుండి ధగధగ, నేరుగా ఎదుటికి వచ్చినచో నడుమ ఒక నల్లని మచ్చ. ఎవరికి కనబడుట కొరకు ఆ దీపమో, ఆ ఎదురు వచ్చువానికే అది మసకగా నున్నది.

ఊరు దాటి ఇరువది కిలోమీటర్లు పోగానే రేడియోలో బరబర ధ్వని మొదలైనది. ఇది రేడియో గలవారు ప్రత్యేకముగ వినదగిన సంగతి. ఎల్.ఇ.డి.కి స్థిరమైన ప్రవాహము కావలెను. అందుకై బల్బు మొదటిలోని చిన్న యంత్రము విద్యుత్తును క్షణమునకు లక్షలమార్లు తెంచి కలుపుచుండును. అంత వేగపు తెంపులు రేడియో తరంగములను పుట్టించును. దీపపు తీగలే వానికి ఏరియల్. మంచి తయారీలో దీనిని అణచు ఏర్పాటుండును. చౌక సరుకులో ముందుగ మానివేయునది అదియే. మార్కోనీ నాటి తొలి నిస్తంత్రీ ప్రేషకములు నిప్పురవ్వతోనే పలికినవి. ఇంజనులోని రవ్వ రేడియోను చెరుపకుండుటకు తరువాతివారు తీగలలో నిరోధమును చేర్చిరి. ఆ పాత గొడవ ఇప్పుడు దీపములోనికి వచ్చి కూర్చున్నది. పరీక్ష సులభము: బలహీనముగ అందు కేంద్రమును పట్టి, ఆ బల్బులను వెలిగించి ఆర్పి చూడుడు.

అసలు భయము సాయంకాలము కలిగినది. పొద్దు వాలినది. బల్బుల తెలుపు ముందు రోడ్డుపై పడుచున్నది, ఎదుటి పలక వెలుగుచున్నది; దీపములన్నియు వేసితిమనియే మా నమ్మకము. వెనుకనుండి ఒక లారీ హారను మ్రోగించి, రాసుకొన్నట్లు ప్రక్కకు తప్పుకొని ఆగినది. డ్రైవరు క్రిందికి వంగి "సార్, వెనక లైటే లేదు!" అని కేక వేసినాడు. పగటి దీపముతోబాటు వెనుక దీపములు వెలుగవలెనను నియమము చాల కార్లకు లేదు. పాత పసుపు బల్బు ఉన్నపుడు చీకటిపడుట మాకు తెలిసెడిది, మేమే మీట నొక్కెడివారము. కొత్త తెలుపు ఆ గుర్తును చెరిపివేసినది. కెనడావారు ఇట్టి బండ్లకు దయ్యపు బండ్లని పేరిడి, 2021 సెప్టెంబరునుండి తయారగు కొత్త కార్లలో దీనికి విరుగుడును విధించిరి: వెనుక దీపములు కూడ వెలుగవలెను, లేదా చీకటిలో అన్నియు తమంత తామే వెలుగవలెను, అదియు కానిచో ఎదుటి పలక చీకటిగా నుండి నడుపువానిని హెచ్చరించవలెను.

బజారు బల్బులన్నియు చెడ్డవని మేము చెప్పము. జర్మనీలో 2020నుండి కొన్ని ఎల్.ఇ.డి. ముందుదీపపు బల్బులకు అనుమతి లభించినది. కాని ఏ కారు, ఏ దీపము అని పట్టికలో పేర్కొన్నవానికి మాత్రమే, ఒక్కొక్కదానిని పరీక్షించిన మీదట. మన 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ విభాగము కూడ తయారీదారు ఇచ్చిన వివరములకు భిన్నముగ బండిని మార్చరాదనుచున్నది. వెలుగు తగ్గినదని తోచినవారు మొదట దీపపు గాజును చూచుకొనుట మంచిది. ఏండ్ల యెండకు పసుపెక్కిన పైకప్పు చాల వెలుగును మ్రింగును. దానిని సానబట్టించిన పిదప పాత బల్బే కొత్తగా కనబడును. బల్బు మార్చవలసినచో అదే రకము, అదే వాటులు, రెండు వైపులను ఒకేసారి. హాలోజను బల్బు గాజును వట్టి వ్రేళ్లతో పట్టరాదు.

మేము మరునాడే పాత బల్బులను తిరిగి పెట్టించితిమి. దుకాణమువారు ఎల్.ఇ.డి.లను వాపసు తీసికొనలేదు. అవి బల్లసొరుగులో పడియున్నవి. కుర్రవాడు రెసిస్టరును విప్పుచు, కరగి వంగిన ప్లాస్టిక్కు ముక్కనొకదానిని మాకు చూపి, ఏమియు మాటాడక, తన జేబులో వేసికొన్నాడు.