నల్లమల కొండలలో వన్యప్రాణి పరిశీలన

నల్లమల కొండలలో వన్యప్రాణి పరిశీలన అనగా కృష్ణానదికి ఇరువైపులా తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాలలో వ్యాపించియున్న నల్లమల అడవులలో, కొండదారుల వెంట నడుస్తూ జంతువులను, పక్షులను, వాటి జాడలను గుర్తించడం. నల్లమల తూర్పు కనుమలలో భాగము. ఇక్కడ పులి కంటబడటం అరుదు. అందువలన జంతువుకంటె అది విడిచిపోయిన గుర్తును చదవడమే ఈ పరిశీలనలో ముఖ్యమైనది.

రక్షిత ప్రాంతం
భారతదేశంలో పులుల సంరక్షణ పథకం 1973లో ప్రారంభమైనది. నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యం 1983లో ఈ పథకంలో చేరినది. 2014లో రాష్ట్ర విభజన జరిగిన పిదప తెలంగాణ వైపు భాగం అమ్రాబాద్ పులుల అభయారణ్యమైనది. దీని విస్తీర్ణం సుమారు 2,611 చదరపు కిలోమీటర్లు.

చేరుకొనే మార్గం
హైదరాబాదులో గౌలిగూడను ఆనుకొని మూసీనదిపై ఉన్న మహాత్మా గాంధీ బస్ స్టేషన్ నుండి శ్రీశైలం వెళ్ళే బస్సులు కడ్తాల్, ఆమనగల్లు, డిండి మీదుగా మన్ననూరు చేరుతాయి. 1994కు పూర్వం ఈ బస్సులు గౌలిగూడలోని పాత బస్ స్టేషన్ నుండి బయలుదేరేవి. ఆ పాత ఇనుప రేకుల కట్టడం 2018 జూలైలో కూలిపోయినది. మన్ననూరు దాటిన తరువాత ఫరహాబాద్ వద్ద అటవీశాఖ సఫారీ వాహనాలు లభిస్తాయి. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతరకు వెళ్ళే భక్తులు చివరి భాగాన్ని అడవిలో కాలినడకన పూర్తిచేస్తారు.

కనిపించే ప్రాణులు
చుక్కల దుప్పి, కణుజు, మనుబోతు, కొండగొర్రె, అడవిపంది, కొండముచ్చు, నెమలి మొదలైనవి ఈ అడవులలో నివసిస్తాయి. పులి, చిరుతపులి, ఎలుగుబంటి, రేచుకుక్క, అలుగు కూడా ఉన్నాయి గాని అంత సులభంగా కనిపించవు. వేసవిలో ఆకులు రాలి చూపు దూరం సాగుతుంది. నీరు తగ్గినందున జంతువులు మిగిలిన మడుగుల వద్దకు వస్తాయి. కావున పరిశీలనకు ఆ కాలం అనుకూలమైనది.

జాడలను గుర్తించుట
* పులి, చిరుత పాదముద్రలలో నాలుగు వేళ్ళు కనబడతాయి. నడిచేటపుడు గోళ్ళు లోపలికి ముడుచుకొని ఉండుటచే వాటి గుర్తు సాధారణంగా పడదు. చిరుత అడుగు చిన్నది.
* రేచుకుక్క అడుగులో గోళ్ళ గుర్తులుంటాయి.
* ఎలుగుబంటి అడుగులో ఐదు వేళ్ళు, పొడవైన గోళ్ళ గీతలు ఉంటాయి. తవ్విన చెదపుట్టలు, రాలిన ఇప్పపూలున్న చోట్లు దాని సంచారాన్ని తెలుపుతాయి.
* కొండముచ్చు చెట్టుపైనుండి దగ్గినట్లు అరవడం, దుప్పి కీచుమని కూయడం, కణుజు బిగ్గరగా అరవడం దగ్గరలో క్రూరమృగం ఉన్నదనుటకు సూచనలు.

పూర్వం పులుల సంఖ్యను పాదముద్రలను బట్టి అంచనా వేసేవారు. ఒకే పులి అడుగు నేల స్వభావాన్ని బట్టి వేర్వేరుగా పడుతుంది కనుక ఆ పద్ధతిని విడిచిపెట్టి, 2006 నుండి దేశవ్యాప్త గణనలో కెమెరాలను వినియోగిస్తున్నారు. పులి చారలు మనిషి వేలిముద్రల వలె ఒకదానికొకటి పోలవు.

చెంచులు
నల్లమలలో నివసించే చెంచులు తేనె, దుంపలు, అటవీ ఉత్పత్తుల సేకరణపై ఆధారపడిన ఆదివాసులు. మానవ శాస్త్రవేత్త క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ వీరిపై 1943లో ఒక గ్రంథం ప్రచురించాడు. జాడలు పట్టడంలో వీరికి గల నేర్పు కారణంగా అటవీశాఖ చెంచు యువకులను కాపలాదారులుగా నియమిస్తున్నది.

నియమాలు, జాగ్రత్తలు
1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా అభయారణ్యంలో ప్రవేశించరాదు. సొంతంగా గుడారం వేసుకొని రాత్రి గడపడం కూడదు. వర్షాకాలంలో జూలై నుండి సెప్టెంబరు వరకు సందర్శన నిలిపివేస్తారు. ఎలుగుబంటి ఎక్కువగా మనిషి అకస్మాత్తుగా దగ్గరకు వచ్చినపుడు దాడి చేస్తుంది. కావున పొదలు దట్టంగా ఉన్నచోట మౌనంగా నడవడంకంటె మెల్లగా మాట్లాడుకుంటూ నడవడం క్షేమకరం. ఎదురైనచో పరుగెత్తక, దానివైపే చూస్తూ నెమ్మదిగా వెనుకకు తగ్గాలి. కోతులకు ఆహారం వేయరాదు. దానికి అలవాటుపడి అవి రోడ్డుపైకి వచ్చి వాహనాల క్రింద పడి మరణిస్తాయి.

ఇవి కూడా చూడండి
* నల్లమల అడవులు
* చెంచులు
* సలేశ్వరం
* గౌలిగూడ