రెండో టైట్ ఎండ్ కథ

ఈసారి గుడి గురించో పండగ గురించో కాదు, అమెరికన్ ఫుట్‌బాల్ గురించి రాస్తున్నాను. కారణం మా మనవడు. వాడు హైస్కూల్ జట్టులో టైట్ ఎండ్. వాళ్ళ కోచ్ చాలాసార్లు ఇద్దరు టైట్ ఎండ్‌లను పెడతాడు. అందులో మావాడు రెండోవాడు.

మొన్న శనివారం అన్నం తింటూ, "తాతయ్యా, సగం సీజన్ అయిపోయింది. బంతి నా చేతికి ఒక్కసారి కూడా రాలేదు. నన్ను ఎందుకు పెట్టారో తెలీదు. మానేస్తాను," అన్నాడు. నిజానికి సగం ఇంగ్లీషులోనే అన్నాడు. నేను తెలుగులో రాసుకున్నాను.

వాడికి జవాబు చెప్పాలంటే నలభై ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి. అందుకే ఈ వ్యాసం. నేను ఇంగ్లీషు మీడియంలో చదువుకున్నాను. తెలుగు రాయడం అరవై దాటాక నేర్చుకున్నాను. తప్పులుంటే చెప్పండి. తెలుగు మాట దొరికిన చోట తెలుగే వాడాను. బ్లాక్ చెయ్యడం అంటే అడ్డుకోవడం. గ్యాప్ అంటే సందు. టైట్ ఎండ్‌కి మాత్రం మాట దొరకలేదు, అలాగే ఉంచేశాను.

ముందు టైట్ ఎండ్ ఎవరు?

ఒక్కో జట్టు నుంచి 11 మంది మైదానంలో ఉంటారు. బంతి ఉన్న జట్టులో ఏడుగురు గీత మీద నిలబడాలి. ఆ ఏడుగురిలో మధ్య అయిదుగురు భారీ మనుషులు. వాళ్ళ పని అడ్డుకోవడమే. మామూలుగా ముందుకు విసిరిన బంతిని వాళ్ళు పట్టుకోకూడదు. గీతకి ఆ చివర ఒకడు, ఈ చివర ఒకడు ఉంటారు. వాళ్ళు పట్టుకోవచ్చు. అయిదుగురికి దూరంగా నిలబడి పరిగెత్తేవాడు వైడ్ రిసీవర్. వాళ్ళ పక్కనే ఆనుకుని నిలబడేవాడు టైట్ ఎండ్. ఇతను అడ్డుకోవాలి, అవసరమైతే పరిగెత్తి బంతి పట్టాలి కూడా.

బంతిని ముందుకు విసరడానికి నియమాలు ఒప్పుకున్నది 1906లో. అయినా చాలా కాలం టైట్ ఎండ్‌ని అడ్డుకునేవాడిగానే చూశారు. 1961లో షికాగో బేర్స్ జట్టుకి మైక్ డిట్కా వచ్చాడు. మొదటి సంవత్సరమే 56 బంతులు పట్టి, 1,076 గజాలు సంపాదించి, 12 టచ్‌డౌన్లు చేశాడు. టైట్ ఎండ్ ఇంత చెయ్యగలడా అని అందరూ ఆశ్చర్యపోయారు. 1988లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరిన మొదటి టైట్ ఎండ్ ఆయనే.

సందుల లెక్క

ఇద్దరు టైట్ ఎండ్‌లు ఎందుకు? ఇది వేళ్ళ మీద లెక్కపెట్టుకోవచ్చు. నేను మనవడికి భోజనాల బల్ల మీద చెంచాలు పేర్చి చూపించాను.

అయిదు చెంచాలు వరసగా పెట్టండి. వాటి మధ్య నాలుగు సందులు. రెండు పక్కలా చెరొకటి. మొత్తం ఆరు. బంతి పట్టుకున్నవాడు వీటిలో దేంట్లోంచయినా దూసుకుపోవచ్చు. ఒక టైట్ ఎండ్ చేరితే సందులు ఏడవుతాయి. రెండో పక్కన ఇంకొకడు చేరితే ఎనిమిది.

ఎదుటి జట్టు మామూలుగా ముందు ఏడుగురిని, వెనక నలుగురిని పెడుతుంది. ఏడు సందులకి ఏడుగురు సరిపోతారు. ఎనిమిదో సందు ఎవరు కాయాలి? వెనక నలుగురిలో ఒకడు ముందుకి రావాలి. వస్తే వెనక ఖాళీ అవుతుంది, అక్కడికి బంతి విసరవచ్చు. రాకపోతే ఆ సందులోంచి పరిగెత్తవచ్చు.

ఇంకో సంగతి. ఒక్క టైట్ ఎండ్ ఉంటే అతను ఎటు నిలబడ్డాడో అటు పక్క బలం ఎక్కువ. ఎదుటివాళ్ళు అటు మొగ్గుతారు. రెండు పక్కలా ఉంటే ఏ పక్క బలమైనదో చూసి చెప్పలేరు.

కోచ్‌లు దీన్ని 12 అంటారు. మొదటి అంకె రన్నింగ్ బ్యాక్‌లు ఎంతమందో, రెండో అంకె టైట్ ఎండ్‌లు ఎంతమందో చెబుతుంది. అంటే ఒక రన్నింగ్ బ్యాక్, ఇద్దరు టైట్ ఎండ్‌లు. మిగిలిన ఇద్దరు వైడ్ రిసీవర్లు.

1981: అయిదు ఓటములు

ఇద్దరు టైట్ ఎండ్‌లను పెట్టడం 1981కి ముందు కూడా ఉంది, ముఖ్యంగా ఒక గజం రెండు గజాలు కావలసినప్పుడు. కానీ దాన్నే రోజువారీ ఆటగా మార్చి గెలిచి చూపించినవాడు జో గిబ్స్.

గిబ్స్ అంతకుముందు శాన్ డియేగో చార్జర్స్‌లో డాన్ కొరియెల్ దగ్గర పనిచేశాడు. బంతి విసరడంలో కొరియెల్ పెద్ద గురువు. 1978లో నియమాలు మారాయి. గీత దాటి అయిదు గజాల తర్వాత రిసీవర్‌ని తొయ్యకూడదన్నారు. దాంతో విసరడం తేలికైంది. 1980లో కొరియెల్ జట్టు టైట్ ఎండ్ కెలెన్ విన్స్‌లో 89 బంతులు పట్టాడు. అతన్ని ఒకే చోట ఉంచేవాళ్ళు కాదు. ఒకసారి గీత మీద, ఒకసారి దూరంగా, ఒకసారి అటూ ఇటూ నడిపిస్తూ వాడేవాళ్ళు.

1981లో గిబ్స్ వాషింగ్టన్ జట్టుకి హెడ్ కోచ్ అయ్యాడు. మొదటి అయిదు ఆటలూ ఓడిపోయాడు. హెడ్ కోచ్‌గా అతనికి అదే మొదటి సంవత్సరం. ఉద్యోగం ఉంటుందో లేదో తెలియని పరిస్థితి.

అదే సంవత్సరం న్యూయార్క్ జయంట్స్‌లోకి లారెన్స్ టేలర్ వచ్చాడు. భారీ మనిషి, కానీ చిరుతలా పరిగెత్తేవాడు. పక్క నుంచి వచ్చి క్వార్టర్‌బ్యాక్ మీద పడేవాడు. అప్పటిదాకా అలా వచ్చేవాణ్ణి ఆపే పని రన్నింగ్ బ్యాక్‌ది. టేలర్ ముందు రన్నింగ్ బ్యాక్ ఆగలేకపోయాడు. వాషింగ్టన్ ఆ జట్టుతో ఏటా రెండుసార్లు ఆడాలి. తప్పించుకునే దారి లేదు.

గిబ్స్ ఒక రన్నింగ్ బ్యాక్‌ని తగ్గించి, అతని చోట రెండో టైట్ ఎండ్‌ని పెట్టాడు. ఈ రెండోవాడు చాలాసార్లు గీతకి ఒక అడుగు వెనక నిలబడతాడు. అలా వెనక ఉన్నవాడు బంతి కదలక ముందే పక్కకి నడవవచ్చు. టేలర్ ఎటు ఉంటే అటు వెళ్ళవచ్చు. ఇతనికి హెచ్-బ్యాక్ అని పేరు. మిగిలిన ఒక్క రన్నింగ్ బ్యాక్ జాన్ రిగిన్స్, కొండలాంటి మనిషి. అయిదు ఓటములతో మొదలైన ఆ సీజన్ 8 గెలుపులు, 8 ఓటములతో ముగిసింది. గిబ్స్ ఉద్యోగం నిలిచింది.

1983 జనవరి 30

నేను చదువుకోడానికి మేరీల్యాండ్ వచ్చిన మొదటి చలికాలం అది. ఇంటికి ఉత్తరం రాస్తే జవాబు రావడానికి నెల పట్టేది. గదిలో ఉండే అబ్బాయిలు టీవీ ముందు కూర్చోబెట్టారు. పాసడీనాలో సూపర్ బౌల్, వాషింగ్టన్, మయామీ జట్లకి. నాకు స్కోరు ఎలా పెరుగుతోందో కూడా అర్థం కాలేదు.

చివరి క్వార్టర్‌లో మయామీ 17, వాషింగ్టన్ 13. పది గజాలకి నాలుగు ప్రయత్నాలు ఇస్తారు. వాషింగ్టన్‌కి నాలుగోది మిగిలింది, ఒక గజం కావాలి. అందరూ దగ్గర దగ్గరగా సర్దుకుని నిలబడ్డారు. అది అచ్చంగా 12 వరస కాదు, ఒక గజం కోసం వేసే ఇంకా బరువైన వరస. కానీ ఆలోచన అదే. టైట్ ఎండ్ క్లింట్ డిడియర్ ఒక పక్కకి నడిచి, ఉన్నట్టుండి వెనక్కి తిరిగాడు. అతన్ని కాస్తున్న డాన్ మెక్‌నీల్ కూడా తిరగబోయి జారాడు. లేచి వచ్చేసరికి రిగిన్స్ ఆ పక్కకే వచ్చేశాడు. మెక్‌నీల్ చేతికి జెర్సీ దొరికింది, మనిషి దొరకలేదు. రిగిన్స్ 43 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు. చివరికి 27-17తో వాషింగ్టన్ గెలిచింది. రిగిన్స్ ఆ రోజు 166 గజాలు, ఆ ప్లేఆఫ్‌లలో నాలుగు ఆటల్లో మొత్తం 610 గజాలు పరిగెత్తాడు.

గదిలో అందరూ నన్ను కావలించుకున్నారు. ఎందుకో తెలియకపోయినా నేనూ కేకలు వేశాను. ఆ దేశంలో నేను ఒంటరివాణ్ణి కాదనిపించిన మొదటి రాత్రి అది.

తర్వాత

గిబ్స్ ఇంకా రెండు సూపర్ బౌల్స్ గెలిచాడు. మూడుసార్లూ మూడు వేరు వేరు క్వార్టర్‌బ్యాక్‌లు. కాలక్రమేణా చాలా జట్లు ముగ్గురు రిసీవర్ల వైపు వెళ్ళాయి. 2010లో న్యూ ఇంగ్లండ్ కోచ్ బిల్ బెలిచిక్ ఒకే డ్రాఫ్ట్‌లో ఇద్దరు టైట్ ఎండ్‌లను తీసుకున్నాడు: రాబ్ గ్రాంకౌస్కీ, ఏరన్ హెర్నాండెజ్. 2011లో మొదటివాడు 90 బంతులు, రెండోవాడు 79 బంతులు పట్టారు. ఎదుటి జట్టు చిన్న మనుషుల్ని పెడితే వీళ్ళు అడ్డుకుని పరుగు తీయించేవాళ్ళు. పెద్ద మనుషుల్ని పెడితే వాళ్ళను దాటి పరిగెత్తేవాళ్ళు. ఒకే 11 మందితో రెండు రకాల ఆట. గ్రాంకౌస్కీ ఆ ఒక్క సంవత్సరంలో 17 టచ్‌డౌన్ పాస్‌లు పట్టాడు.

మనవడికి ఈ 17 సంగతి ముందే తెలుసు. వాడి గదిలో ఆయన బొమ్మ ఉంది. వాడికి తెలియని పేరు డాన్ వారెన్. గిబ్స్ టైట్ ఎండ్. వాషింగ్టన్‌కి 14 సీజన్లు ఆడాడు, మూడు సూపర్ బౌల్స్ గెలిచిన జట్టులో ఉన్నాడు. ఆ 14 సీజన్లలోనూ కలిపి అతను చేసినవి 7 టచ్‌డౌన్లు.

"ఏడేనా?" అన్నాడు వాడు.

పాత వీడియో పెట్టి, బంతిని చూడొద్దు, 85 నంబరుని మాత్రమే చూడు అన్నాను. వాడు నాలుగైదు ఆటలు మాట్లాడకుండా చూశాడు. తర్వాత వెనక్కి తిప్పి, వారెన్ కాళ్ళు ఎలా పెట్టాడో మళ్ళీ చూశాడు. మానేస్తానన్న మాట వెనక్కి తీసుకోలేదు, మళ్ళీ అనలేదు కూడా. నేనూ అడగలేదు. గుడి వంటింట్లో ఇరవై ఏళ్ళుగా గిన్నెలు కడుగుతున్నాను కాబట్టి, కనపడని పని గురించి ఎవరికైనా ఉపన్యాసం ఇస్తే చేదుగా ఉంటుందని నాకు తెలుసు.

శుక్రవారం రాత్రి ఆట ఉంది. వెళ్తున్నాను. బంతి ఎటు పోయినా నేను చూసేది మావాణ్ణే.

చదివినవాళ్ళకి ఒక ప్రశ్న: మీ ఇంట్లో సందుని ఇంకేమైనా అంటారా? కంత అనీ, ఖాళీ అనీ విన్నాను. ఈ ఆటకి ఏది బాగుంటుందో రాయండి.