కళాశాల ప్రవేశాలలో పాఠ్యేతర కార్యక్రమాలు

తరగతి పాఠాలకు, పరీక్షలకు వెలుపల విద్యార్థి తన సమయాన్ని వెచ్చించే ఆటలు, కళలు, సేవ, ఉద్యోగం, ఇంటి బాధ్యతలు మొదలైనవాటిని పాఠ్యేతర కార్యక్రమాలు అంటారు. అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని అనేక కళాశాలలు, విశ్వవిద్యాలయాలు డిగ్రీ కోర్సులలో విద్యార్థులను చేర్చుకొనేటప్పుడు మార్కులతో పాటు వీటిని కూడా పరిశీలిస్తాయి. దరఖాస్తుదారుని అన్ని వైపుల నుండి చూసే ఈ పద్ధతికి హోలిస్టిక్ రివ్యూ, అనగా సమగ్ర పరిశీలన, అని పేరు. మార్కులు, చదివిన కోర్సుల స్థాయి తరువాతనే వీటి స్థానం. అయితే సమానమైన మార్కులున్న వేలాది మంది పోటీపడే విశ్వవిద్యాలయాలలో ఇవి నిర్ణాయకం కావచ్చును.

చరిత్ర

20వ శతాబ్దపు తొలి దశకాల వరకు హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ వంటి విశ్వవిద్యాలయాలలో ప్రవేశం ప్రధానంగా పరీక్షలలో ఉత్తీర్ణతపై ఆధారపడి ఉండేది. ఆ పరీక్షలలో నెగ్గి చేరుతున్న యూదు విద్యార్థుల సంఖ్య పెరగడంతో, వారికి పరిమితి విధించాలని హార్వర్డ్ అధ్యక్షుడు ఎ. లారెన్స్ లోవెల్ 1922లో ప్రతిపాదించాడు. బహిరంగ పరిమితిని విశ్వవిద్యాలయ సంఘం అంగీకరించలేదు. కాని 1926లో శీలం, వ్యక్తిత్వం వంటి అంశాలకు ప్రాధాన్యమిచ్చే కొత్త విధానం అమలులోకి వచ్చి అదే ఫలితాన్ని సాధించింది. సామాజిక శాస్త్రవేత్త జెరోమ్ కారబెల్ 2005లో వెలువడిన "ది చోజెన్" అనే గ్రంథంలో ఈ చరిత్రను విపులంగా వ్రాశాడు. కొందరిని దూరంగా ఉంచడానికి ఉపయోగపడిన ఈ పద్ధతి, తరువాతి కాలంలో వివిధ నేపథ్యాల విద్యార్థులను గుర్తించే సాధనంగా కూడా మారింది.

1975లో 15 ప్రైవేటు కళాశాలలు కలిసి కామన్ అప్లికేషన్ అనే ఉమ్మడి దరఖాస్తును రూపొందించాయి. నేడు 1000కి పైగా విద్యాసంస్థలు దీనిని స్వీకరిస్తున్నాయి.

దరఖాస్తులో వివరించే విధానం

కామన్ అప్లికేషన్‌లో గరిష్ఠంగా 10 కార్యక్రమాలను పేర్కొనవచ్చును. ఒక్కొక్కదానికి విద్యార్థి నిర్వహించిన బాధ్యతను 50 అక్షరాలలో, సంస్థ పేరును 100 అక్షరాలలో, చేసిన పనిని 150 అక్షరాలలో వ్రాయాలి. ఏ తరగతులలో చేశారు, వారానికి ఎన్ని గంటలు, సంవత్సరానికి ఎన్ని వారాలు అనే వివరాలు కూడా ఇవ్వాలి. 9 నుండి 12వ తరగతి వరకు చేసినవే ఇందులో లెక్కకు వస్తాయి.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి వేరే దరఖాస్తు ఉన్నది. అందులో కార్యక్రమాలు, బహుమతులు కలిపి 20 వరకు చూపవచ్చును. దరఖాస్తులలో కొన్నింటిని యాదృచ్ఛికంగా ఎంపిక చేసి, వ్రాసిన విషయాలకు ఆధారాలు చూపమని ఈ విశ్వవిద్యాలయం కోరుతుంది. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ తన దరఖాస్తులో విద్యార్థికి అత్యంత ముఖ్యమైన నాలుగు కార్యక్రమాలను మాత్రమే అడుగుతుంది. 10 గళ్ళూ నింపితే తప్ప ప్రవేశం లభించదనే అభిప్రాయం సరి కాదనడానికి ఇది ఒక నిదర్శనం.

కమ్యూనిటీ కళాశాలలు సాధారణంగా అందరికీ ప్రవేశం కల్పిస్తాయి కనుక అక్కడ ఈ జాబితా అవసరం లేదు.

ఎంపికలో గమనించవలసిన అంశాలు

వ్యవధి: ఒకే పనిని సంవత్సరాల తరబడి కొనసాగించడం ఆసక్తికి ఆధారంగా భావించబడుతుంది. దరఖాస్తుకు ముందు సంవత్సరంలో హడావుడిగా చేరిన సంఘాలు తేదీలను బట్టే తెలిసిపోతాయి.

వెచ్చించిన సమయం: గంటల లెక్క అనేక విషయాలను బయటపెడుతుంది. ఉదాహరణకు పది సంఘాలలో ఒక్కొక్కదానికి వారానికి ఒక గంట చొప్పున 20 వారాలు హాజరైన విద్యార్థి మొత్తం 200 గంటలు వెచ్చించినట్లు. ఒకే దుకాణంలో వారానికి 12 గంటల చొప్పున 50 వారాలు పనిచేసిన విద్యార్థి 600 గంటలు వెచ్చించినట్లు. జాబితాలో మొదటిది పది వరుసలు, రెండవది ఒకటే వరుస.

బాధ్యత: అధ్యక్షుడు, కార్యదర్శి వంటి పదవి కంటే ఆ పదవిలో ఉండి చేసిన పని ముఖ్యం. పదవి లేకపోయినా పాఠశాల గ్రంథాలయంలో పుస్తకాలకు కొత్త జాబితా తయారుచేయడం, చిన్న తరగతుల పిల్లలకు లెక్కలు నేర్పడం వంటివి బాధ్యతగానే పరిగణించబడతాయి.

చదువుతో సంబంధం: కోరుకొన్న చదువుకు దగ్గరగా ఉన్న కార్యక్రమం ఒకటి ఉండడం మేలు. కాని అన్నీ అలాగే ఉండనవసరం లేదు. కంప్యూటర్ సైన్సు కోరే విద్యార్థి మృదంగం వాయించడం లోపం కాదు.

వ్రాత: "సేవా కార్యక్రమాలలో పాల్గొన్నాను" అనే వాక్యం కంటే ఎవరికి, ఏమి, ఎన్నిసార్లు చేశారో తెలిపే వాక్యం ఉపయోగకరం. 150 అక్షరాలలో విశేషణాలకు చోటు తక్కువ.

విశ్వవిద్యాలయ క్రీడా శిక్షకులు స్వయంగా ఎంపిక చేసుకొనే క్రీడాకారుల మార్గం వీటన్నిటికీ భిన్నమైనది. సరదాగా ఆడే ఆట మాత్రం తక్కిన కార్యక్రమాలతో పాటే లెక్కించబడుతుంది.

ఉద్యోగం, కుటుంబ బాధ్యతలు

జీతానికి చేసే పనికి, కుటుంబ బాధ్యతలకు కామన్ అప్లికేషన్‌లో ప్రత్యేక వర్గాలు ఉన్నవి. తమ్ముళ్ళను, చెల్లెళ్ళను చూసుకోవడం, అనారోగ్యంతో ఉన్న పెద్దలకు సేవ చేయడం, ఇంగ్లీషు రాని తల్లిదండ్రులకు ఆసుపత్రిలో, కార్యాలయాలలో దుబాసీగా ఉండడం ఈ కోవలోనివి. వీటిని కార్యక్రమాలుగా భావించక అనేకులు ఆ గళ్ళను ఖాళీగా వదిలివేస్తారు. పరిశీలకుల దృష్టిలో ఆ ఖాళీకి, సోమరితనానికి తేడా కనిపించదు. కనుక సంఘాలలో చేరే అవకాశం లేని విద్యార్థి తన సమయం ఎక్కడ గడిచిందో వ్రాయడం అత్యవసరం.

హార్వర్డ్ విద్యాశాస్త్ర విభాగానికి చెందిన మేకింగ్ కేరింగ్ కామన్ ప్రాజెక్టు 2016 జనవరిలో "టర్నింగ్ ది టైడ్" అనే నివేదికను ప్రచురించింది. కార్యక్రమాల సంఖ్య కంటే నాణ్యతను చూడాలని, కుటుంబానికి విద్యార్థి చేసే సహాయానికి విలువ ఇవ్వాలని ఆ నివేదిక సూచించింది.

తెలుగు విద్యార్థులు

ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో ఇంజనీరింగు సీట్లు ప్రధానంగా ఈఏపీసెట్ ర్యాంకును బట్టి, ఐ.ఐ.టి. సీట్లు జె.ఇ.ఇ. ర్యాంకును బట్టి లభిస్తాయి. రాష్ట్ర కళాశాలలలో ఎన్.సి.సి., క్రీడల కోటాలకు కేటాయించే సీట్లు స్వల్పం. అందువలన ఇంటర్మీడియట్ రెండు సంవత్సరాలు కోచింగుతోనే గడిచిపోవడం సాధారణం. ఇటువంటి విద్యార్థి అమెరికాలో డిగ్రీకి దరఖాస్తు చేసినప్పుడు 11, 12 తరగతుల గళ్ళు బోసిగా కనిపిస్తాయి. 9, 10 తరగతులలో చేసినవి, ఒలింపియాడ్ పరీక్షలు, సంగీత నృత్యాభ్యాసం, పొలం పనులు, ఇంటి దుకాణంలో లెక్కలు వ్రాయడం వంటివి ఇక్కడ అక్కరకు వస్తాయి. ఎన్.సి.సి. వంటి సంక్షిప్త నామాలు అమెరికా పరిశీలకులకు తెలియకపోవచ్చును కనుక వాటిని విడమరచి వ్రాయడం మంచిది. తెలుగు రాష్ట్రాల నుండి అధిక సంఖ్యలో విద్యార్థులు వెళ్ళే ఎం.ఎస్. కోర్సులకు ఈ జాబితా కంటే డిగ్రీ మార్కులు, ప్రాజెక్టులు, పరిశోధన ముఖ్యం.

అమెరికాలో పెరిగే తెలుగు పిల్లలకు కూచిపూడి, కర్ణాటక సంగీతం, తెలుగు తరగతులు, స్పెల్లింగ్ బీ పోటీలు చిరపరిచితం. చిట్టూరి రత్నం 1989లో స్థాపించిన నార్త్ సౌత్ ఫౌండేషన్ ప్రవాస భారతీయ బాలలకు ఇటువంటి పోటీలు నిర్వహిస్తున్నది. జాతీయ స్థాయి స్క్రిప్స్ స్పెల్లింగ్ బీ 8వ తరగతి వరకే పరిమితం కనుక ఆ విజయం కామన్ అప్లికేషన్ జాబితా పరిధిలోకి రాదు. తరువాత చిన్నవారికి శిక్షణ ఇస్తే అది కొత్త కార్యక్రమం అవుతుంది. అదేవిధంగా అరంగేట్రం ఒక్క సాయంత్రపు ప్రదర్శన. దాని వెనుక ఉన్న సంవత్సరాల సాధనను గంటలలో చూపినప్పుడే దాని బరువు తెలుస్తుంది.

విమర్శలు, వివాదాలు

సంగీత పాఠాలకు, క్రీడా శిక్షణకు, విదేశీ సేవా యాత్రలకు, రుసుము తీసుకొనే వేసవి శిబిరాలకు డబ్బు అవసరం. అందువలన ఈ పద్ధతి సంపన్నులకు అనుకూలమనే విమర్శ ఉన్నది.

2019 మార్చి 12న అమెరికా న్యాయశాఖ "ఆపరేషన్ వర్సిటీ బ్లూస్" పేరిట ఒక కుంభకోణాన్ని బయటపెట్టింది. ప్రవేశాల సలహాదారు విలియం రిక్ సింగర్ శిక్షకులకు లంచాలిచ్చి, ఆటలు ఆడని విద్యార్థులను క్రీడాకారులుగా చూపించాడు. ఇందుకోసం కృత్రిమ ఛాయాచిత్రాలు కూడా తయారుచేశారు. 2023 జనవరిలో అతనికి మూడున్నర సంవత్సరాల జైలుశిక్ష పడింది.

హార్వర్డ్‌పై 2014లో దాఖలైన దావాలో, ఆ విశ్వవిద్యాలయం విద్యార్థులను చదువు, పాఠ్యేతర కార్యక్రమాలు, క్రీడలు, వ్యక్తిత్వం అనే అంశాలలో అంకెలతో అంచనా వేస్తున్నట్లు వెల్లడైంది. వ్యక్తిత్వపు అంచనాలో ఆసియా అమెరికన్లకు అన్యాయం జరుగుతున్నదని వాదులు ఆరోపించారు. 2023 జూన్ 29న సుప్రీం కోర్టు ప్రవేశాలలో జాతిని పరిగణించడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. పాఠ్యేతర కార్యక్రమాల పరిశీలన మాత్రం కొనసాగుతున్నది.

ఇతర దేశాలలో

బ్రిటన్‌లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయాలు ఎంచుకొన్న విషయంపై పాఠాలకు మించి చేసిన అధ్యయనాన్నే ప్రధానంగా చూస్తాయి. భారతదేశంలో అశోక విశ్వవిద్యాలయం, ఆంధ్ర ప్రదేశ్‌లోని శ్రీసిటీలో ఉన్న క్రియా విశ్వవిద్యాలయం వంటి కొన్ని ప్రైవేటు సంస్థలు సమగ్ర పరిశీలన పద్ధతిని పాటిస్తున్నాయి.

ఇవి కూడా చూడండి

కామన్ అప్లికేషన్
ఈఏపీసెట్
నేషనల్ కేడెట్ కోర్
కూచిపూడి నృత్యం