ఆఫీసులో విండోస్ 11 వచ్చిందా? సిబ్బందికి ఇవి చెప్పండి

విండోస్ 10, ఆఫీస్ 2016, 2019లకు మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. మీ ఆఫీసులోనూ కొత్త వెర్షన్‌కు మారుతుంటే, కౌంటర్ దగ్గర పనులు ఆగకుండా ఇలా చేయండి.

* ముందు ఒక్క సిస్టమ్‌ మార్చి ప్రింటర్, వేలిముద్ర స్కానర్, డిజిటల్ సంతకం పనిచేస్తున్నాయో చూడండి. ఆ తర్వాతే మిగతావి.
* స్టార్ట్ బటన్ మధ్యలో ఉందా? సెట్టింగ్స్, పర్సనలైజేషన్, టాస్క్‌బార్‌లోకి వెళ్లి అలైన్‌మెంట్‌ను ‘లెఫ్ట్’ చేస్తే పాత చోటికే వస్తుంది.
* రైట్ క్లిక్ చేస్తే పాత మెనూ కనిపించకపోతే ‘షో మోర్ ఆప్షన్స్’ నొక్కండి.
* అను ఫాంట్లలో టైప్ చేసిన పాత ఫైళ్లు, ఆ ఫాంట్లు లేకపోతే అర్థంకాని గుర్తుల్లా కనిపిస్తాయి. ఫాంట్లు, ఫైళ్లు ముందే బ్యాకప్ తీసుకోండి. కొత్తవి యూనికోడ్‌లో టైప్ చేయించండి.

అడగడానికి మొహమాటపడే సీనియర్లూ ఉంటారు. పక్కన కూర్చుని, మౌస్ వారి చేతికే ఇచ్చి ఒకసారి చేయించండి.