గట్టు మీద దారి

కోనసీమ చూడ్డానికి వచ్చేవాళ్లు ముందు గుళ్ల జాబితా అడుగుతారు. అయినవిల్లి వినాయకుడు, మురమళ్ల వీరేశ్వరుడు, అప్పనపల్లి బాలబాలాజీ, అంతర్వేది నరసింహస్వామి. ఆ తర్వాత దిండిలో ఒక రాత్రి, ఓడలరేవులో సముద్రం, ఓపిక మిగిలితే ఆదుర్రు బౌద్ధ స్తూపం. అన్నీ చూడదగ్గవే. కానీ కారు అద్దాల్లోంచి కనపడీ కనపడకుండా పక్కనే సాగిపోయే కాలవ గట్టుని మాత్రం ఎవరూ జాబితాలో రాసుకోరు. నన్నడిగితే ఇక్కడ కాళ్లున్నవాడు చూడాల్సింది ముందు అదే. తమాషా ఏమిటంటే దాన్ని ఎవరూ నడక కోసం వేయలేదు. నీళ్ల కోసం తవ్విన మట్టిని పక్కన పోస్తే దారి అయింది.

ఆ మట్టి కథ కరువుతో మొదలవుతుంది. 1832-33లో వచ్చిన నందన కరువు తెలుగు జిల్లాల్ని ఊడ్చేసింది. 1839లో కోరంగి మీద ఉప్పెన పడింది. గోదావరి పక్కనే పారుతున్నా, వరదప్పుడు ముంచడం, తర్వాత సముద్రంలో కలిసిపోవడం తప్ప పొలానికి అక్కరకొచ్చేది తక్కువ. రాజమండ్రి జిల్లా ఎందుకింత చితికిపోయిందో తేల్చమని కంపెనీ ప్రభుత్వం హెన్రీ మాంట్‌గోమరీని పంపింది. ఒక మంచి ఇంజనీరు చేత నదిని పరీక్ష చేయించమని 1844లో ఆయన రాశాడు. ఆ పని ఆర్థర్ కాటన్‌కి వచ్చింది.

కాటన్ అప్పటికే తంజావూరులో కొల్లిడం నది మీద ఆనకట్టలు కట్టి ఉన్నాడు. ఇసక మీద గోడ ఎలా నిలుస్తుందన్న ప్రశ్నకి జవాబు అక్కడే దొరికింది. కావేరి మీద చోళుల నాటి కల్లణై శతాబ్దాలుగా ఇసకలోనే నిలబడి ఉంది. పునాది రాతిని తాకాలన్న పట్టింపు లేకుండా, బరువైన రాళ్లని వెడల్పుగా పరుచుకుంటూ పోవడమే ఆ పాత మేస్త్రీల విద్య. దాన్ని వాళ్ల దగ్గరే నేర్చుకున్నామని కాటన్ దాచకుండా చెప్పుకున్నాడు. ఈ నిజాయితీ వల్లే ఆయన మీద నాకు గౌరవం ఇంకొంచెం ఎక్కువ.

1847లో ధవళేశ్వరం దగ్గర పని మొదలైంది. అక్కడి కొండనే పగలగొట్టి రాయి తెచ్చారు. నది మధ్యలో ఉన్న లంకల్ని ఆసరా చేసుకుని ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా ఆనకట్ట కట్టారు. 1848లో కాటన్ ఆరోగ్యం చెడి ఆస్ట్రేలియా వెళ్లిపోతే కెప్టెన్ ఆర్ పని నడిపించాడు. కాటన్ 1850లో తిరిగొచ్చాడు, 1852కి కట్టడం పూర్తయింది. కూలీల్ని కూడగట్టి, పని ఆగకుండా చూసిన వీణెం వీరన్నకి తర్వాత రాయ్ బహదూర్ బిరుదు వచ్చింది. కాటన్‌కి ఊరూరా విగ్రహాలున్నాయి. సంకల్పంలో ఆయన పేరు చెప్పుకునే పురోహితులూ ఉన్నారు. వీరన్నని తలుచుకునేవాళ్లు మాత్రం తక్కువ.

ఆనకట్ట కట్టగానే నీళ్లు పొలానికి నడిచి రావు. గౌతమికీ వశిష్ఠకీ నడుమ ఉన్న ఈ మధ్య డెల్టాకి నీళ్లు బొబ్బర్లంక దగ్గర తల తూముల్లోంచి దిగాలి. ఇక్కడే మన గట్టుకి సంబంధించిన అసలు కిటుకు ఉంది. డెల్టాలో నది ఏటా ఒండ్రు పోసి తన ఒడ్డుని తనే పెంచుకుంటుంది. అందుకని ఏటి పక్కన నేల ఎత్తు, దూరం పోయేకొద్దీ పల్లం. కాలవ నీళ్లు రెండు పక్కలా పొలాలకి వాటంతట అవే జారాలంటే ఆ ఎత్తైన మెరకల వెంటే తవ్వాలి. మురుగుకాలవలు పల్లంలో పోతాయి. కాలవ మెరక మీద, తవ్విన మట్టి గట్టు ఆ మెరక పైన. గట్టెక్కిన మనిషికి ఇటు వరిచేలు, అటు కొబ్బరితోటలు, నడుమ బోదెలు అన్నీ కాస్త దిగువగా, ఒక్క చూపులో కనిపిస్తాయి. కొండ అన్నది లేని సీమలో ఇదే మన ఎత్తు. ఇంజనీరు లెక్క కోసం ఎన్నుకున్న మెరక బాటసారికి అరుగు అయింది.

గట్టు వెడల్పుగా ఉండడానికి ఇంకో కారణం పడవ. కాటన్‌కి రైలు మీద పెద్ద నమ్మకం లేదు. ఇనప దారి కన్నా నీటి దారి చవకని ఇంగ్లండు పార్లమెంటు కమిటీ ముందు 1878లో కూడా వాదించాడు. అందుకే ఇక్కడి పెద్ద కాలవలు సాగుకీ, రాకపోకలకీ కలిపి తవ్వినవి. నీటి మట్టం మారిన చోటల్లా పడవని ఎక్కించడానికీ దించడానికీ లాకులు కట్టారు. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టు మీద తాడు భుజానేసుకుని లాగే మనుషులు. ధాన్యం, కొబ్బరికాయలు, పెళ్లివారు, అంతర్వేది తీర్థానికి పోయే జనం, అందరికీ అదే ఎక్స్‌ప్రెస్సు. గట్టుని తొక్కి తొక్కి గట్టిపరిచింది ఆ తాడు లాగినవాళ్ల పాదాలే.

కాలవకి దారిలో ఏరు అడ్డొచ్చిన చోటు పి.గన్నవరం. వశిష్ఠ నుంచి చీలిన వైనతేయ అక్కడ పారుతోంది, అవతల రాజోలు వైపు నగరం లంక నీళ్ల కోసం చూస్తోంది. 1850ల్లో హేగ్ అనే కుర్ర లెఫ్టినెంటు ఏటి మీద ఇటుక కమానులు కట్టి వాటి మీదుగా కాలవని దాటించాడు. కింద ఏరు, పైన కాలవ. మా వాళ్లకి అది అక్విడక్టు అనే తెలుసు. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి పచ్చగా ఉన్నాయంటే ఆ కమానుల చలవే. ఆ గన్నవరం లంకల్లోనే డొక్కా సీతమ్మ (1841-1909) వేళాపాళా చూడకుండా బాటసారులకి అన్నం పెట్టింది. తీర్థయాత్రకి పోయేవాళ్లు, ఏరు దాటడానికి ఆగిపోయినవాళ్లు ఆమె వాకిట్లో తిని కదిలేవారు. పాత అక్విడక్టు అలిసిపోయాక దాని పక్కనే కొత్తది కట్టి, 2000లో ఆమె పేరే పెట్టారు. ప్రభుత్వాలు పేర్లు పెట్టడంలో ఇంత సరిగ్గా గురి కుదిరిన సందర్భాలు అరుదు.

ఈలోగా పడవకి కాలం చెల్లింది. గౌతమి మీద, వశిష్ఠ మీద వంతెనలు పడ్డాయి, బస్సులొచ్చాయి. లాకుల తలుపులు మూతపడ్డాయి, గట్టు మాత్రం మిగిలింది. ఇంగ్లండులోనూ సరిగ్గా ఇదే జరిగింది. అక్కడి కాలవల పక్కన పడవ లాగే గుర్రాల కోసం వేసిన బాట ఉంటుంది. సరుకు రైళ్లకీ లారీలకీ మళ్లిపోయాక, 1968 చట్టంతో చాలా కాలవల్ని విహారం కోసమే అట్టేపెట్టారు. 1949 నాటి మరో చట్టం ప్రకారం పల్లెల్లో జనం నడిచే కాలిబాటల్ని పటాల్లోకి ఎక్కించారు. ఇప్పుడు అక్కడి చిన్న పల్లె కూడా బాట మొదట్లో ఒక బోర్డు పెట్టి అతిథుల్ని పిలుస్తుంది. మన గట్టు నీటిపారుదల శాఖ ఆస్తి. బోర్డు లేదు, పటం లేదు. బోర్డు లేకపోతే మునిగిందేమీ లేదు గానీ, ఊరి చెత్తంతా గట్టు వార పోయడం మాత్రం ఆపొచ్చు.

కాలవల కన్నా ముందు మనకి బాటలే లేవనుకునేరు. కనుమ నాడు అంబాజీపేట దగ్గర జగ్గన్నతోటకి పదకొండు ఊళ్ల రుద్రుల ప్రభలు వస్తాయి. అవి రోడ్డు పట్టుకుని రావు. కొబ్బరితోటల్లోంచి, నాట్లు పడిన చేలల్లోంచి మనుషుల భుజాల మీద వస్తాయి. గంగలకుర్రు ప్రభలు కౌశిక నది నీళ్లలోకి దిగి దాటతాయి. చేను తొక్కుడు పడిందని ఏ రైతూ గొడవకి రాడు. 2023 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో మన రాష్ట్ర శకటం ఈ ప్రభల తీర్థమే. ఏడాదికొక్కసారి తెరుచుకునే ఆ దారికి గట్టూ లేదు, హద్దురాయీ లేదు. ఊళ్ల ఒప్పుదల ఒక్కటే ఉంది.

నడవాలనుకునేవాళ్లకి బొబ్బర్లంక తల తూముల దగ్గర మొదలెట్టి, ఆత్రేయపురం మీదుగా లొల్ల లాకుల దాకా పోవడం మంచి మొదలు. లొల్ల దగ్గర కాలవ పాయలుగా చీలుతుంది. సినిమా వాళ్లు ఆ చోటుని ఎప్పుడో కనిపెట్టారు. ఆత్రేయపురంలో బోర్లించిన కుండ మీద పూతరేకు తీయడం చూడొచ్చు, 2023లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కాస్త పక్కకి తిరిగితే ర్యాలిలో ముందు నుంచి విష్ణువుగా, వెనక నుంచి మోహినిగా కనిపించే జగన్మోహినీ కేశవస్వామి. చలికాలం పొద్దున పూట రండి. దాళ్వా కోతలయ్యాక, ఎండాకాలంలో మరమ్మతుల కోసం కాలవలు కట్టేస్తారు. అప్పుడు కనిపించేది బురద, అందులో చేపలు పట్టే పిల్లలు. నాకైతే అదీ ఇష్టమే, కానీ ఊరి నుంచి చుట్టాల్ని తీసుకొచ్చి చూపించే సరుకు కాదు.